పాత కంప్యూటర్లో ఎమ్యులేటర్ వేగం: ఎక్కడ బిగుసుకుందో ముందు చూడాలి (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఇవాళ్టి విషయం పాత కంప్యూటర్లో గేమ్ ఎమ్యులేటర్లని నిండు వేగంతో నడిపించడం. ఎమ్యులేటర్ అంటే వేరే గేమ్ మిషన్ ఆటలని మన కంప్యూటర్ మీద నడిపే సాఫ్ట్‌వేర్. పాతదంటే ఎంత పాతదో ముందే అనుకుందాం. లేకపోతే ఒకరు కోర్ 2 డ్యూయోని, ఇంకొకరు నిన్నగాక మొన్న కొన్న ల్యాప్‌టాప్‌ని మనసులో పెట్టుకుని వింటారు. సికింద్రాబాద్ సీటీసీ లాంటి చోట్ల ఆఫీసుల్లోంచి తీసేసిన డెస్క్‌టాప్‌లు సెకండ్‌హ్యాండ్‌లో అమ్ముతారు కదా, అలాంటి ఒక ఐ5 2400 డబ్బాని నమూనాగా తీసుకుంటాను. 2011లో వచ్చిన ప్రాసెసర్. నాలుగు కోర్లు, మామూలు వేగం 3.1 గిగాహెర్ట్జ్. నాలుగు కోర్లూ పనిలో ఉంటే టర్బోలో 3.2, ఒక్క కోరే పనిచేస్తుంటే 3.4 దాకా వెళ్తుంది. లోపలే హెచ్‌డీ 2000 గ్రాఫిక్స్. ర్యామ్ ఒకే ఒక 4 జీబీ స్టిక్, పక్కన హార్డ్ డిస్క్. విండోస్ 10 వేసి ఉంటుంది.

ఈ డబ్బా మీద సూపర్ నింటెండో, మొదటి ప్లేస్టేషన్ ఆటలు హాయిగా నడుస్తాయి. చేతిలో పట్టుకుని ఆడే పీఎస్‌పీ ఆటలు చాలావరకు నడుస్తాయి. ప్లేస్టేషన్ 2 దగ్గరే అసలు పరీక్ష. కొన్ని ఆటలు బాగా నడుస్తాయి, కొన్ని ఒక మెట్టు కింద ఆగిపోతాయి. ఆ ఒక్క మెట్టూ ఎక్కించవచ్చు. కాబట్టి ఎక్కువ సమయం ప్లేస్టేషన్ 2, అంటే పీఎస్2 మీద, దాని ఎమ్యులేటర్ అయిన పీసీఎస్ఎక్స్2 మీద పెడతాను. మిగతావి తొందరగా ముగిస్తాను.

వేగం కోసం వెతికితే చిట్కాలకి కొదవ లేదు. ఫ్రేమ్‌స్కిప్ పెట్టండి, రిజల్యూషన్ తగ్గించండి, ర్యామ్ వేయండి, ప్రయారిటీ హై చేయండి అంటారు. ఒక్కొక్కటీ ఎక్కడో ఒకచోట పనిచేసేదే. కానీ ఒక్కో చిట్కా ఒక్కో భాగం మీద భారం తగ్గిస్తుంది. బిగుసుకున్నది ప్రాసెసర్ అయితే రిజల్యూషన్ ఎంత తగ్గించినా ఒక్క ఫ్రేమ్ కూడా పెరగదు, బొమ్మ మాత్రం పాడవుతుంది. బిగుసుకున్నది గ్రాఫిక్స్ అయితే ప్రాసెసర్ సెట్టింగులు కెలకడం వల్ల ఆట చెడడం తప్ప లాభం లేదు. అందుకని ముందు ఎక్కడ బిగుసుకుందో చూడాలి, ఆ తర్వాతే సెట్టింగ్ ముట్టుకోవాలి.

అసలు ఎమ్యులేటర్ ఏం చేస్తోందో రెండు ముక్కల్లో చెప్తాను. పీఎస్2లో ఎమోషన్ ఇంజిన్ అనే ముఖ్య ప్రాసెసర్ ఉంటుంది. దాని వేగం 294.9 మెగాహెర్ట్జ్. దానికి తోడు వీయూ0, వీయూ1 అని రెండు వెక్టర్ యూనిట్లు. బొమ్మ గీయడానికి 147 మెగాహెర్ట్జ్ గ్రాఫిక్స్ సింథసైజర్. డిస్కూ శబ్దమూ చూసుకోవడానికి మొదటి ప్లేస్టేషన్‌లో ఉన్న రకం ప్రాసెసరే ఇంకొకటి. ర్యామ్ 32 ఎంబీ. ఇంత చిన్న మిషన్‌ని నడపడానికి 3 గిగాహెర్ట్జ్ ఎందుకు చాలదు అనిపిస్తుంది. ఎందుకంటే ఆ చిప్పులకి తెలిసిన భాష మన ప్రాసెసర్‌కి రాదు. ఒక్కో ఆదేశాన్నీ చదివి, అర్థం చూసి, మన ప్రాసెసర్ ఆదేశాలుగా మార్చి అమలు చేయాలి. ఒక్కొక్కటే చదువుతూ పోయే పద్ధతిని ఇంటర్‌ప్రెటర్ అంటారు, అది బాగా నెమ్మది. ఒక ముక్క మొత్తాన్ని ఒకసారి మార్చి దాచుకుని, మళ్లీ వచ్చినప్పుడు దాచుకున్నదే నడిపే పద్ధతి రీకంపైలర్. పీసీఎస్ఎక్స్2, పీఎస్‌పీ ఆటలు నడిపే పీపీఎస్ఎస్‌పీపీ, నింటెండో గేమ్‌క్యూబ్, వీ ఆటలు నడిపే డాల్ఫిన్ మూడూ మామూలుగా రీకంపైలర్‌తోనే నడుస్తాయి. ఎవరైనా పొరపాటున ఇంటర్‌ప్రెటర్‌కి మార్చి ఉంటే ఆట నత్తనడక నడుస్తుంది. ముందు అది చూసుకోండి.

ఇంకో చిక్కు ఈ చిప్పులన్నీ ఒకదానికొకటి సమయం కలపడం. కోలాటంలో అందరూ ఒకే దెబ్బకి కర్రలు కలపాలి, ఒకరు ఆలస్యమైతే మిగతావాళ్ల చేతులు గాల్లోనే ఆగుతాయి. ఇక్కడా అంతే. అందువల్ల పనిని ఎనిమిది కోర్లకీ పదహారు కోర్లకీ పంచేయడం కుదరదు. పీసీఎస్ఎక్స్2 ప్రధానంగా వాడేది రెండు థ్రెడ్లు, అంటే విడివిడిగా నడిచే రెండు పని వరసలు. ఒక సెట్టింగ్ పెడితే మూడు. కాబట్టి ఎమ్యులేటర్‌కి కావలసింది కోర్ల సంఖ్య కన్నా ఒక్కో కోర్ బలం.

ఇక్కడే చాలామంది టాస్క్ మేనేజర్ చూసి మోసపోతారు. సీపీయూ 35 శాతమే చూపిస్తోంది, ఇంకా 65 ఖాళీగా ఉంది కదా అనుకుంటారు. నాలుగు కోర్లలో ఒక కోర్ పూర్తిగా నిండితే మొత్తంలో అది 25 శాతమే. 35 చూపిస్తోందంటే ఒక థ్రెడ్ నిండిపోయి, రెండోది కాస్త పనిచేస్తోందని అర్థం కావచ్చు. ఆ మొత్తం అంకెని నమ్మకండి.

నమ్మాల్సిన అంకె ఎమ్యులేటర్ లోపలే ఉంది. పీసీఎస్ఎక్స్2 సెట్టింగ్స్‌లో ఆన్-స్క్రీన్ డిస్‌ప్లే అనే పేజీ ఉంటుంది. అందులో స్పీడ్ పర్సంటేజ్, సీపీయూ యూసేజ్, జీపీయూ యూసేజ్ మూడూ టిక్ చేయండి. ఆట నడుస్తుండగా తెర మూలలో వరసగా కనిపిస్తాయి. స్పీడ్ శాతం, కింద ఈఈ, జీఎస్, వీయూ, ఆ కింద జీపీయూ. ఈఈ అంటే ఎమోషన్ ఇంజిన్ పని, జీఎస్ అంటే గ్రాఫిక్స్ సింథసైజర్ పని, జీపీయూ అంటే మన కంప్యూటర్ గ్రాఫిక్స్. ఎఫ్‌పీఎస్ అంకె చూసి కంగారు పడకండి. సెకనుకి 30 ఫ్రేములే గీసేలా తయారైన ఆటలు చాలా ఉన్నాయి. అవి 30 చూపిస్తూ స్పీడ్ 100 శాతం ఉంటే ఆట నిండు వేగంతోనే ఉన్నట్టు. చూడాల్సింది శాతం.

కొలిచే పద్ధతి ఇది. ఆటలో ఎక్కడ బాగా నెమ్మదిస్తోందో అక్కడికి వెళ్లి సేవ్ స్టేట్, అంటే ఆట ఆ క్షణంలో ఉన్న స్థితి, దాచుకోండి. ఫ్రేమ్ లిమిటర్ తీసేయండి. అంటే వేగానికి పైకప్పు లేకుండా చేయండి. సేవ్ స్టేట్ లోడ్ చేసి, జాయ్‌స్టిక్ ముట్టకుండా పది సెకన్లు ఆగి శాతం రాసుకోండి. ఒక్క సెట్టింగ్ మార్చండి. అదే సేవ్ స్టేట్ మళ్లీ లోడ్ చేసి మళ్లీ చూడండి. పైకప్పు తీయకపోతే మంచి సెట్టింగ్ కూడా 100 దగ్గరే ఆగిపోతుంది, ఎంత మిగులు ఉందో తెలియదు. రెండు మూడు సెట్టింగులు ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో తేలదు.

ఇప్పుడు ఆ మూలలో అంకెలు ఎలా చదవాలో చూద్దాం. స్పీడ్ 82 ఉండి, ఈఈ పక్కన 99 ఉండి, జీఎస్ 45, జీపీయూ 30 అనుకోండి. ఇది ప్రాసెసర్ సమస్య. ఈఈ థ్రెడ్ ఉన్న కోర్ పూర్తిగా నిండిపోయింది. గ్రాఫిక్స్ కార్డు కొనడం ఇక్కడ దండగ. మొదట చేయాల్సింది మల్టీ థ్రెడెడ్ వీయూ1 అనే సెట్టింగ్ ఆన్ చేయడం, దీన్నే ఎమ్‌టీవీయూ అంటారు. ఈఈ థ్రెడ్ మోస్తున్న వీయూ1 పనిని ఇంకో థ్రెడ్‌కి ఇస్తుంది. వీయూ1ని బాగా వాడే ఆటల్లో లాభం బాగా కనిపిస్తుంది. మన ఐ5కి నాలుగు కోర్లు ఉన్నాయి కాబట్టి పెట్టవచ్చు. కోర్ 2 డ్యూయోలో, హైపర్‌థ్రెడింగ్ లేని పెంటియంలో పెడితే మూడు థ్రెడ్లు రెండు కోర్ల కోసం కొట్టుకుంటాయి, వేగం తగ్గనూవచ్చు. కొద్ది ఆటలు ఎమ్‌టీవీయూతో మొరాయిస్తాయి, ఆగిపోతాయి. అలాంటప్పుడు ఆ ఒక్క ఆటకి తీసేయండి.

అది చాలకపోతే ఈఈ సైకిల్ రేట్. మామూలు విలువ 100 శాతం. దీన్ని 75కి దింపితే ఎమోషన్ ఇంజిన్ తక్కువ క్లాక్‌తో నడుస్తున్నట్టు ఆటకి కనిపిస్తుంది, మన ప్రాసెసర్ మీద బరువు తగ్గుతుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. స్పీడ్ 100 చూపిస్తుంది గానీ ఆట లోపల ఫ్రేములు పడిపోవచ్చు. అసలు పీఎస్2కే భారమైన సన్నివేశంలో ఆట తన ఫ్రేములు తానే వదిలేస్తుంది. అంకె బాగుంటుంది, కంటికి కుదుపులు తెలుస్తాయి. 30 ఫ్రేముల ఆటల్లో, పాత్రలు మాట్లాడుకుంటూ నడిచే ఆటల్లో ఇది పనికొస్తుంది. 60 ఫ్రేముల రేసింగ్, ఫైటింగ్ ఆటల్లో అంత మంచిది కాదు. పక్కనే ఈఈ సైకిల్ స్కిప్పింగ్ ఉంటుంది. అందులో మైల్డ్ దాటి వెళ్లకండి. దాటితే మధ్యలో వచ్చే వీడియోలు తెగిపోవడం, కదలికలు ఎగిరెగిరి పడడం లాంటివి మొదలవుతాయి.

రెండో రకం: ఈఈ 55, జీఎస్ 60, జీపీయూ 98. ఇది గ్రాఫిక్స్ సమస్య. ఇంటర్నల్ రిజల్యూషన్ చూడండి. నేటివ్ అంటే పీఎస్2 సొంత కొలత. 2ఎక్స్ పెడితే అడ్డంగా రెండింతలు, నిలువుగా రెండింతలు, అంటే నాలుగింతల పిక్సెళ్లు. 3ఎక్స్ అంటే తొమ్మిదింతలు. హెచ్‌డీ 2000 లాంటి గ్రాఫిక్స్ మీద నేటివ్ దాటకండి. బ్లెండింగ్ యాక్యురసీ బేసిక్‌లో ఉంచండి. హై, ఫుల్, మాక్సిమమ్ అన్నవి కొన్ని ఆటల్లో వెలుగునీడల కోసం పెట్టినవి, పాత గ్రాఫిక్స్‌ని అవి ఒక్కసారిగా కుంగదీస్తాయి.

ఈ రకానికే ఇంకో మందు ఉంది, కొంతమందికి ఇది వింతగా అనిపిస్తుంది. ఆట నడుస్తుండగా ఎఫ్9 నొక్కితే హార్డ్‌వేర్ రెండరర్ నుంచి సాఫ్ట్‌వేర్ రెండరర్‌కి మారుతుంది. అంటే బొమ్మ గీసే పని కూడా ప్రాసెసరే చేస్తుంది. గ్రాఫిక్స్ మరీ బలహీనంగా ఉండి, ప్రాసెసర్‌లో కోర్లు మిగిలి ఉన్న మన నమూనా డబ్బాలో కొన్ని ఆటలు ఇలాగే మెరుగ్గా నడుస్తాయి, బొమ్మ కూడా అసలు పీఎస్2 మీద ఉన్నట్టే వస్తుంది. సాఫ్ట్‌వేర్ రెండరింగ్ థ్రెడ్స్ అన్న చోట 2 ఉంచండి. ఈఈకి ఒక కోర్, జీఎస్‌కి ఒక కోర్ పోగా మనకి మిగిలేవి రెండే. 4, 6 అని పెంచితే అవి ఈఈ కోర్ మీదే పడి వేగం తగ్గుతుంది.

మూడో రకం అందరినీ తికమక పెట్టేది. స్పీడ్ 70, ఈఈ 60, జీఎస్ 50, జీపీయూ 40. ఎవరూ నిండలేదు, అయినా ఆట నెమ్మది. ఇలాంటప్పుడు సాధారణంగా రెండు కారణాలు. ఒకటి రీడ్‌బ్యాక్. అంటే గీసిన బొమ్మని ఆట మళ్లీ చదువుకోవాలని అడుగుతుంది. గ్రాఫిక్స్ నుంచి ప్రాసెసర్‌కి డేటా వెనక్కి రావాలి, వచ్చేదాకా ఇద్దరూ చేతులు కట్టుకుని ఉంటారు. గ్రాఫిక్స్ అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో హార్డ్‌వేర్ డౌన్‌లోడ్ మోడ్ మార్చి చూస్తే తెలుస్తుంది. వేగం వస్తుంది గానీ కొన్ని ఎఫెక్టులు మాయమవుతాయి. కాబట్టి ఆ ఆటకే పరిమితం చేయండి. పీసీఎస్ఎక్స్2లో ఆట పేరు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లోకి వెళ్తే ఒక్క ఆటకే వర్తించే సెట్టింగులు ఉంటాయి. వేగం కోసం చేసే మార్పులన్నీ అక్కడే చేయండి. ఒక ఆట కోసం మొత్తం ఎమ్యులేటర్‌ని చెడగొట్టుకోవడం మంచి పని కాదు.

రెండో కారణం ప్రాసెసర్ తన నిండు వేగంతో నడవకపోవడం. దీని దగ్గర కాసేపు ఆగాలి. పాత డబ్బాల్లో దీన్ని సరిచేస్తే ఒక్క రూపాయి ఖర్చు లేకుండా వచ్చే లాభం మిగతా సెట్టింగులన్నిటికన్నా ఎక్కువ ఉండవచ్చు.

టాస్క్ మేనేజర్ పెర్ఫార్మెన్స్ పేజీలో స్పీడ్ అని గిగాహెర్ట్జ్‌లో కనిపిస్తుంది, అది చూడండి. ఆట నడుస్తుండగా మన ఐ5 2400 3.2 దగ్గర ఉండాలి. 1.6 దగ్గర నిలబడి ఉంటే ఎక్కడో తేడా ఉంది. ముందు పవర్ ప్లాన్. కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్, హై పెర్ఫార్మెన్స్. బ్యాలెన్స్‌డ్ ప్లాన్‌లో పని పెరిగితేనే క్లాక్ పెరుగుతుంది. విండోస్ ఎమ్యులేటర్ థ్రెడ్‌ని ఈ కోర్ మీంచి ఆ కోర్ మీదకి మారుస్తూ ఉంటుంది కాబట్టి ఏ కోరూ పూర్తిగా నిండినట్టు కనిపించదు, క్లాక్ పెంచాల్సిన అవసరం లేదనుకుంటుంది. ఎన్‌విడియా కార్డు ఉంటే దానికీ ఇదే జబ్బు. పాత ఆట కార్డుకి తేలిక పని కాబట్టి కార్డు కింది గేరులోనే ఉండిపోతుంది. ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ మేనేజ్‌మెంట్ మోడ్‌ని ఆ ఎమ్యులేటర్‌కి ప్రిఫర్ మాక్సిమమ్ పెర్ఫార్మెన్స్ అని పెట్టండి.

తర్వాత వేడి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఉష్ణోగ్రత చూడండి. మొదటి ఐదు నిమిషాలు ఆట బాగుండి, తర్వాత నెమ్మదించి, కాసేపు ఆపితే మళ్లీ బాగుందంటే వేడి కారణం అయ్యే అవకాశం ఎక్కువ. ఈ తరం ప్రాసెసర్లు 100 డిగ్రీల దగ్గరికి రాగానే తమని తాము కాపాడుకోవడానికి క్లాక్ తగ్గించుకుంటాయి. పదేళ్లు దాటిన డబ్బాలో థర్మల్ పేస్ట్ ఎండి పొడిపొడిగా అయిపోయి ఉంటుంది, హీట్‌సింక్ రెక్కల మధ్య దుమ్ము అట్టకట్టి ఉంటుంది.

పేస్ట్ మార్చడం ఇలా. ముందు కంప్యూటర్‌ని ఓ ఐదు నిమిషాలు నడపండి, పేస్ట్ మెత్తబడుతుంది. ఆపేసి ప్లగ్ తీసేయండి. ప్రాసెసర్ ఫ్యాన్ వైర్ ఊడదీయండి. హీట్‌సింక్‌ని ఒక్కసారిగా పైకి లాగకుండా అటూ ఇటూ కొద్దిగా తిప్పుతూ తీయండి. ముఖ్యంగా పాత ఏఎమ్‌డీ ప్రాసెసర్లు హీట్‌సింక్‌కి అంటుకుని సాకెట్‌లోంచి వచ్చేస్తాయి, పిన్నులు వంగుతాయి. పాత పేస్ట్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన మెత్తటి గుడ్డతో రెండువైపులా తుడవండి. ప్రాసెసర్ మధ్యలో చిన్న బఠాణీ గింజంత కొత్త పేస్ట్ చాలు. హీట్‌సింక్ నొక్కుడికి అదే పరుచుకుంటుంది. ఎక్కువ వేస్తే చుట్టూ కారుతుంది తప్ప చల్లదనం పెరగదు. ఇంటెల్ ప్రాసెసర్‌తో వచ్చే హీట్‌సింక్‌కి నాలుగు ప్లాస్టిక్ పిన్నులుంటాయి. ఎదురెదురు మూలలవి జతగా నొక్కండి, నాలుగూ టిక్కుమనాలి. బోర్డు వెనకవైపు చూసి నాలుగూ బయటికి వచ్చాయో లేదో సరిచూడండి. ఒక్కటి సరిగ్గా కూర్చోకపోయినా ఒక పక్క గ్యాప్ వచ్చి ముందుకన్నా ఎక్కువ వేడెక్కుతుంది. దుమ్ము ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో పట్టుకోండి, గాలికి విపరీతంగా తిరిగితే బేరింగ్ పాడవుతుంది.

ల్యాప్‌టాప్ వాళ్లు ఇంకొకటి చూడాలి. కొన్ని మోడళ్లలో చార్జర్ తనదేనా కాదా అని మదర్‌బోర్డు గుర్తుపడుతుంది. చార్జర్ పిన్ పాడైనా, మార్కెట్లో దొరికే నకిలీ చార్జర్ పెట్టినా గుర్తుపట్టలేక ప్రాసెసర్‌ని 0.8 గిగాహెర్ట్జ్ దగ్గర కట్టేస్తుంది. చార్జింగ్ అవుతున్నట్టే కనిపించినా సరే. స్పీడ్ అంకె 0.79 దగ్గర కదలకుండా ఉంటే సెట్టింగులు వెతక్కండి, చార్జర్ మార్చి చూడండి. రెండు గ్రాఫిక్స్ ఉన్న ల్యాప్‌టాప్‌లో ఎమ్యులేటర్ ఏ గ్రాఫిక్స్ మీద నడుస్తోందో కూడా చూడండి. విండోస్ 10 డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆ ప్రోగ్రామ్‌కి హై పెర్ఫార్మెన్స్ ఎంచుకోవాలి.

ఇక ర్యామ్. పీఎస్2కి ఉన్నదే 32 ఎంబీ కాబట్టి ఎమ్యులేటర్ ర్యామ్ తినేది కొద్దే. 16 జీబీ వేస్తే వేగం వస్తుందనుకోవడం తప్పు. కానీ మన నమూనా డబ్బాలో ఒకే స్టిక్ ఉంది చూడండి, అక్కడ నష్టం ఉంది. లోపలి గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ లేదు, ర్యామ్‌నే వాడుకుంటుంది. డీడీఆర్3 1333 ఒక్క స్టిక్ సెకనుకి 10.6 జీబీ ఇస్తుంది. రెండు స్టిక్కులు రెండు చానళ్లలో పెడితే 21.3. గ్రాఫిక్స్ బిగుసుకున్న ఆటల్లో ఈ తేడా కంటికి కనిపిస్తుంది. రెండో 4 జీబీ స్టిక్ వేయండి, బోర్డు మీద ఒకే రంగు ఉన్న స్లాట్లు సాధారణంగా చానల్ జత. 8 జీబీ అయితే వెనక బ్రౌజర్ తెరిచి ఉన్నా విండోస్ హార్డ్ డిస్క్‌ని నమలదు.

వెర్షన్ గురించి. పీసీఎస్ఎక్స్2 2.0 వెర్షన్ 2024 జులైలో వచ్చింది, 64 బిట్ మాత్రమే, విండోస్ 10 కావాలి, ప్రాసెసర్‌కి ఎస్ఎస్ఈ 4.1 ఆదేశాలు తెలిసి ఉండాలి. ఐ5లకి ఇబ్బంది లేదు. కోర్ 2 డ్యూయోలో తేడా ఉంది. ఈ8400 లాంటి 45 నానోమీటర్ల రకానికి ఎస్ఎస్ఈ 4.1 ఉంది, ఈ6600 లాంటి 65 నానోమీటర్ల రకానికి లేదు. లేనివాళ్లు 2020లో వచ్చిన 1.6 వెర్షన్ దగ్గరే ఆగాలి. సీపీయూ-జడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెరిచి ఇన్‌స్ట్రక్షన్స్ అన్న వరస చూస్తే తెలిసిపోతుంది. బయోస్ ఫైలు, అంటే పీఎస్2 మొదలవడానికి కావలసిన లోపలి సాఫ్ట్‌వేర్, మీ సొంత పీఎస్2 నుంచి, ఆట మీ సొంత డిస్కు నుంచి తీసుకోండి.

డిస్కు అన్నాను కాబట్టి మనకి కలిసొచ్చే విషయం ఒకటి. మన దేశంలో అధికారికంగా అమ్మిన పీఎస్2 డిస్కులు పాల్ అనే టీవీ పద్ధతివి, సెకనుకి 50 ఫ్రేములు. అమెరికా, జపాన్ డిస్కులు దాదాపు 60. అంటే ఒక్కో ఫ్రేమ్‌కి మన కంప్యూటర్ చేతిలో 16.7 మిల్లీసెకన్లకి బదులు 20 మిల్లీసెకన్లు ఉంటాయి. అంచున ఉన్న మిషన్‌కి అది చిన్న వెసులుబాటు కాదు. ఆట మొదట్లో 50 హెర్ట్జా 60 హెర్ట్జా అని అడిగితే 50 ఎంచుకోండి. 60 హెర్ట్జ్ మానిటర్ మీద 50 ఫ్రేములు చూస్తే కెమెరా తిరిగేటప్పుడు చిన్న కుదుపు తెలుస్తుంది. స్పీడ్ 100 ఉన్నా ఆ కుదుపు ఉంటుంది, దాన్ని నెమ్మది అనుకోకండి. మానిటర్ 50 లేదా 100 హెర్ట్జ్ తీసుకుంటే పోతుంది.

ఫ్రేమ్‌స్కిప్ గురించి ఒక మాట. ఫ్రేమ్‌స్కిప్ చేసేది గీయడం మానేయడమే. ఆట లెక్కలన్నీ ప్రాసెసర్ చేయాల్సిందే. కాబట్టి గ్రాఫిక్స్ బిగుసుకున్నప్పుడే దానికి అర్థం ఉంది. ప్రాసెసర్ బిగుసుకుంటే, వేగం అలాగే ఉండి బొమ్మ కూడా తెగుతుంది. శబ్దం గరగరలాడడం కూడా ఇలాంటిదే. స్పీడ్ 100 కన్నా తగ్గితే శబ్దం బఫర్ ఖాళీ అవుతుంది, గరగర వస్తుంది. బఫర్ పెంచితే కాసేపు తర్వాత మళ్లీ ఖాళీ అవుతుంది. స్పీడ్ 100 ఉండి గరగర వస్తేనే బఫర్ పెంచండి.

పీఎస్‌పీ కోసం పీపీఎస్ఎస్‌పీపీ. దీన్ని మొదలుపెట్టింది హెన్రిక్ రిడ్‌గార్డ్, 2012లో. చాలా తేలికైన ఎమ్యులేటర్. పీఎస్‌పీ తెర 480 బై 272. రెండరింగ్ రిజల్యూషన్ 1ఎక్స్ పెడితే హెచ్‌డీ 2000 కూడా లాగుతుంది. స్ప్లైన్ బెజియర్ క్వాలిటీని తక్కువకి, అంటే ‘లో’ అన్నదానికి దించండి, లేజీ టెక్స్చర్ క్యాషింగ్ ఆన్ చేయండి. ఇక అందరూ ముందుగా నొక్కేది స్కిప్ బఫర్ ఎఫెక్ట్స్. వేగం బాగా వస్తుంది. కానీ నీడలు, మెరుపులు, తెరలు మారే ఎఫెక్టులు పోతాయి, కొన్ని ఆటల్లో తెర నల్లగా అయిపోతుంది. ఇతరత్రా చేయగలిగినవన్నీ అయ్యాక ముట్టుకోండి, అదీ ఆ ఆటకి విడిగా గేమ్ కాన్ఫిగ్ తయారుచేసుకుని.

డాల్ఫిన్‌లో డ్యూయల్ కోర్ ఆన్‌లో ఉండాలి, ఇంటర్నల్ రిజల్యూషన్ నేటివ్, శబ్దం హెచ్‌ఎల్ఈ అనే తేలిక పద్ధతిలో. కొత్త ఎఫెక్ట్ మొదటిసారి వచ్చినప్పుడు ఆట ఒక క్షణం ఆగితే అది షేడర్, అంటే ఆ ఎఫెక్ట్ గీసే చిన్న ప్రోగ్రామ్, తయారవడం, రెండోసారి రాదు. దాన్ని పోగొట్టడానికి ఉబర్‌షేడర్లు పెట్టమంటారు, పాత గ్రాఫిక్స్‌కి అవి మోయలేని బరువు. స్పెషలైజ్డ్ దగ్గరే ఉంచండి.

చాలా ఎమ్యులేటర్లని ఒకే చోట నడిపే రెట్రోఆర్చ్‌లో సెట్టింగ్ కన్నా కోర్ ఎంపిక ముఖ్యం. ఇక్కడ కోర్ అంటే ప్రాసెసర్ కోర్ కాదు, అందులో ఎంచుకునే ఎమ్యులేటర్. సూపర్ నింటెండోకి బీస్నెస్ అసలు మిషన్‌ని అచ్చుగుద్దినట్టు నడుపుతుంది, అందుకు బోలెడు ప్రాసెసర్ తింటుంది. స్నెస్9ఎక్స్ అందులో కొంత భాగంతోనే దాదాపు అన్ని ఆటల్నీ నడుపుతుంది. మొదటి ప్లేస్టేషన్‌కి బీటిల్ భారం, పీసీఎస్ఎక్స్ రీఆర్మ్‌డ్ తేలిక. బటన్ నొక్కాక వచ్చే ఆలస్యం తగ్గించే రన్-అహెడ్ ఒక ఫ్రేమ్ పెడితే ప్రతి ఫ్రేమ్‌కీ రెండు ఫ్రేముల పని చేయాలి, అంటే ప్రాసెసర్ బరువు దాదాపు రెట్టింపు. రివైండ్ కూడా తీసేయండి.

పాత డాస్ ఆటలకి డాస్‌బాక్స్‌లో కోర్ అన్న సెట్టింగ్‌ని డైనమిక్ చేసి, సైకిల్స్, అంటే ఎంత వేగమైన ప్రాసెసర్‌లా నడవాలో చెప్పే అంకె, ఒక్కటి చూసుకోండి. కంట్రోల్ ఎఫ్12తో సైకిల్స్ పెరుగుతాయి, కంట్రోల్ ఎఫ్11తో తగ్గుతాయి. 33 మెగాహెర్ట్జ్ 486 ప్రాసెసర్ మీద నడిచిన ఆటకి సుమారు 12,000, 66ది అయితే సుమారు 24,000. పెంచుకుంటూ పోతే ఒక చోట శబ్దం తెగడం మొదలవుతుంది. అక్కడ మన ప్రాసెసర్ అయిపోయిందని అర్థం, కొంచెం వెనక్కి రండి.

ఇప్పుడు మీ ప్రశ్నలు.

ప్రశ్న: అంకెలన్నీ బాగున్నాయి, కానీ ఆట మధ్యమధ్యలో రెండు మూడు సెకన్లు ఆగిపోతోందండి.

జవాబు: ఆట ఫైలు ఎక్కడుంది? యూఎస్‌బీ హార్డ్ డిస్క్ మీదా? అయితే అది కాసేపు వాడకపోతే తిరగడం ఆపేస్తుంది, మళ్లీ చదవాల్సి వచ్చినప్పుడు తిరగడం మొదలుపెట్టడానికి ఆ రెండు మూడు సెకన్లు పడుతుంది. ఆడబోయే ఆటని లోపలి డిస్క్ మీదకి కాపీ చేయండి, ఎస్‌ఎస్‌డీ ఉంటే ఇంకా మేలు. చోటు చాలకపోతే ఐఎస్ఓని, అంటే డిస్కు నకలు ఫైలుని, సీహెచ్‌డీ అనే చిన్న రకం ఫైలుగా కుదించండి, పీసీఎస్ఎక్స్2 దాన్ని నేరుగా చదువుతుంది. డీవీడీ డ్రైవ్‌లో అసలు డిస్కు పెట్టి ఆడడం మాత్రం వద్దు, అక్కడా ఇదే తంతు.

ప్రశ్న: గ్రాఫిక్స్ కార్డు కొనాలనుకుంటున్నానండి. డబ్బా చిన్నది, పవర్ సప్లై కూడా చిన్నదే.

జవాబు: మీ ఆటలో జీపీయూ అంకె నిండుతోందని ముందు తేల్చుకున్నారా? అయితే జీటీ 1030 సరిపోతుంది. 30 వాట్లే తింటుంది, విడిగా పవర్ కేబుల్ అక్కర్లేదు, సగం ఎత్తు కార్డుగా కూడా దొరుకుతుంది. కానీ ఒకే పేరుతో రెండు రకాలున్నాయి. జీడీడీఆర్5 మెమరీ ఉన్నది సెకనుకి 48 జీబీ ఇస్తుంది. డీడీఆర్4 మెమరీ ఉన్నది 16.8 మాత్రమే. అంటే రెండు స్టిక్కులు పెట్టిన మీ ర్యామ్ కన్నా తక్కువ. కార్డు అట్టపెట్టె మీద పేరు చూసి తీసుకోకండి, మెమరీ రకం చదివి తీసుకోండి. సెకండ్‌హ్యాండ్ అయితే షాపులోనే కంప్యూటర్‌కి పెట్టించి, జీపీయూ-జడ్ తెరిచి మెమరీ టైప్ అన్న చోట జీడీడీఆర్5 అని ఉంటేనే డబ్బులివ్వండి.